తెరుచుకోని మూడో బ్లేడు: ఇంధన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ఇంధన శాఖ మంత్రి గారికి,

నమస్కారం. 33/11 కేవీ సబ్‌స్టేషన్లలో, లైన్ల మీద ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసి రిటైరైనవాణ్ని.

ఒక ఏడాది గాలివానకు చెట్టుకొమ్మ విరిగి 11 కేవీ తీగల మీద పడింది. ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే ఆ లైను) ట్రిప్పయింది, అంటే సరఫరా దానంతటదే ఆగిపోయింది. కొమ్మ తీసేసి మళ్లీ చార్జ్ చేస్తే నిలబడింది. ఇక ఇబ్బంది లేదనుకున్నాం. నాలుగు రోజుల తర్వాత మా లైన్‌మన్ అదే ఫీడర్‌లో ఏబీ స్విచ్ (మూడు తీగలను మూడు బ్లేడ్లతో విడదీసే స్తంభం మీది స్విచ్) హ్యాండిల్ దించి స్తంభం ఎక్కాడు. రెండు బ్లేడ్లు తెరుచుకున్నాయి. మూడోది అతుక్కుపోయి ఉంది. ప్రాణం దక్కింది, కుడి చెయ్యి పోయింది. డిశ్చార్జ్ రాడ్ (పని ముందు తీగను భూమికి కలిపే కడ్డీ) వేయలేదని రిపోర్టులో రాశారు. అది నిజమే. కానీ బ్లేడు ఎందుకు అతుక్కుందో ఎవరూ రాయలేదు.

అది నేను చెబుతాను సార్. రెండు రాగి ముక్కలు గట్టిగా ఆనినట్టు కనిపించినా, లోహం లోహాన్ని నిజంగా తాకేది కొన్ని సూది మొనలంత చోట్లలోనే. కరెంటంతా ఆ ఇరుకులోంచే దూరాలి. స్ప్రింగు వదులై, మసి పట్టి అక్కడి నిరోధం 200 మైక్రో ఓమ్‌లకు చేరిందనుకోండి. 200 ఆంపియర్లు పోతున్నప్పుడు పుట్టే వేడి 8 వాట్లే, ఎవరికీ తెలియదు. షార్ట్ సర్క్యూట్‌లో 4000 ఆంపియర్లు వస్తే కరెంటు 20 రెట్లు, వేడి 400 రెట్లు: 3200 వాట్లు. ఆ అతుకు దగ్గర 0.8 వోల్టు పడుతుంది. సుమారు 0.43 వోల్టుకే ఆ మొనల దగ్గర రాగి కరుగుతుంది. కరెంటు ఆగగానే కరిగింది గడ్డకడుతుంది, వెల్డింగ్ చేసినట్టే.

రిలే (ఫాల్టును కనిపెట్టి, కరెంటును తెంచే బ్రేకర్‌ను తెరిపించే పరికరం) తొందరగా పనిచేస్తే చాలు కదా అంటారు. తీగకూ ట్రాన్స్‌ఫార్మర్‌కూ అది మేలే. కానీ ఆ మొనలు మిల్లీసెకన్లలో వేడెక్కుతాయి. రిలే కనిపెట్టాక బ్రేకర్ తెరుచుకోవడానికే పదుల మిల్లీసెకన్లు పడుతుంది.

థర్మల్ కెమెరాతో చూస్తున్నారు, మంచిదే. లోడు తక్కువున్నప్పుడు చూస్తే మాత్రం ఇలాంటి లోపం దొరకదు. 2018 జనవరి 1న సాగుకు 24 గంటల సరఫరా మొదలయ్యాక, నిదానంగా చూసుకోవడానికి లైన్ ఖాళీగా దొరకడం కూడా కష్టమైంది.

అందుకే అడుగుతున్నాను. పెద్ద ఫాల్టుతో ఫీడర్ ట్రిప్పయితే, ఆ కరెంటు ఎంతో లాగ్‌బుక్కులో రాయించండి. వారంలోపు ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సరఫరా ఆపి పని చేసుకునే అనుమతి) ఇప్పించి ఆ దారిలోని బ్రేకర్, ఏబీ స్విచ్ బ్లేడ్లు, జంపర్ల (తీగల మధ్య కలిపే తీగ ముక్కల) నిరోధం మైక్రో ఓమ్ మీటరుతో కొలిపించండి. ప్రతి సెక్షన్‌ ఆఫీసులో స్పేర్ బ్లేడ్లు, స్ప్రింగులు ఉంచండి. మావాళ్లు స్ప్రింగు దొరక్క బైండింగ్ వైరుతో కట్టి నడిపిన రోజులు నేను చూశాను. కొలిచే వరకు ఆ స్విచ్ మీద ఎర్ర బోర్డు పెట్టించండి, హ్యాండిల్ దించినా నమ్మొద్దని.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లైన్ ఇన్‌స్పెక్టర్