చలిమంట గుంతకు గ్రానైట్, సిమెంటు వద్దు

సంపాదకులకు నమస్కారం.

చలికాలం దగ్గరపడగానే ఆదివారం అనుబంధాల్లో, ఇళ్ళ పేజీల్లో ఫైర్ పిట్ (చలిమంట గుంత) ఫొటోలు మొదలవుతాయి. శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల వైపు ఫార్మ్‌హౌస్‌లలోనూ, అరకు, లంబసింగి హోమ్‌స్టేలలోనూ ఇప్పుడు ఇది లేని పెరడు అరుదు. ఫొటోలో కనిపించేది పైకి అమర్చిన రాయి అందం ఒక్కటే. దాని వెనక ఏం ఉండాలో మాత్రం ఎవరూ రాయరు. ఆ ఫొటో ఫోన్‌లో చూపిస్తే మేస్త్రీ తనకు అలవాటైన పని చేసిపెడతాడు. గుండ్రంగా తవ్వి, అడుగున కాంక్రీటు పోసి, గ్రానైట్ ముక్కల్ని సిమెంటు మాలుతో పేర్చి, పైన పాలిష్ బండ వేస్తాడు. రెండో చలికాలానికి లోపలి గోడ పెచ్చులూడుతుంది. ఒక్కోసారి అంతదాకా కూడా ఆగదు, మంట మధ్యలోనే రాయి పేలి ముక్కలు కూర్చున్నవాళ్ళ మీదికి ఎగురుతాయి.

ఇందులో మేస్త్రీ పనితనంలో లోపమేమీ లేదు. తప్పంతా సామానుది. గ్రానైట్‌లో పలుగురాయి రేణువులుంటాయి. 573 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర పలుగురాయి స్ఫటికం రూపు మారి ఒక్కసారిగా ఉబ్బుతుంది. పక్కనున్న మిగతా ఖనిజాలు అంత ఉబ్బవు కాబట్టి రాయి లోలోపలే చిట్లుతుంది. కట్టెల నిప్పుల మధ్య వేడి 600 డిగ్రీలు దాటడం మామూలే. బండను పొరలుగా లేపడానికి దానిమీద మంట పెట్టడం మన రాతి పనివాళ్ళకు తరతరాలుగా తెలిసిన పద్ధతి. ఆ రాయినే తెచ్చి మంట చుట్టూ కట్టుకుంటున్నాం.

ఏటి గుండ్రాళ్ళు ఇంకా ప్రమాదం. వాటి సన్నటి పగుళ్ళలో నీరు ఇంకి ఉంటుంది. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. బయటికి దారి లేకపోతే రాయి బద్దలవుతుంది. తాండూరు బండ, బేతంచెర్ల బండ, కడప బండ సున్నపురాయి జాతివి. నడక దారికి అవి చాలా బాగుంటాయి, మంట తగిలే చోట మాత్రం పొరలు లేస్తాయి.

సిమెంటు సంగతీ అంతే. మామూలు సిమెంటు మాలు 400, 500 డిగ్రీల మధ్య తన పట్టులో ముఖ్యమైన భాగాన్ని పోగొట్టుకుంటుంది. మంట ఆరాక మంచు, వాన తగిలితే అందులో మిగిలిన సున్నం నీరు పీల్చి ఉబ్బుతుంది. అందుకే లోపలి అతుకులు వేలితో గీరితే ఇసుకలా రాలిపోతాయి. ఎంత ఖరీదైన సిమెంటు వాడినా ఈ ఫలితం మారదు.

సరైన కట్టడంలో రెండు గోడలుంటాయి. లోపలి గోడ మంటను భరిస్తుంది, బయటి గోడ అందాన్నీ బరువునీ మోస్తుంది. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. వేడికి లోపలి గోడ సాగుతుంది, దానికి జాగా లేకపోతే బయటి గోడను నెట్టి చీలుస్తుంది. మధ్యలో అంగుళం ఖాళీ వదిలితే చాలు. ఆ ఖాళీలో మాలు పడకుండా కడుతున్నంతసేపూ చూసుకోవాలి. పని చేసే చోట ఎవరూ పట్టించుకోని విషయం ఇదే. తర్వాత వచ్చే చీలికల్లో చాలావాటికి మూలం ఆ ఖాళీలో జారిపడి గట్టిపడ్డ మాలు ముద్దే.

గుండ్రం కంటే చదరం కట్టడం తేలిక. లోపలి గోడకు వాడే ఫైర్ బ్రిక్ (వేడిని తట్టుకునే ఇటుక) కొలత 230, 115, 75 మిల్లీమీటర్లు. గుండ్రంగా పేరిస్తే ఇటుకల వెనక వైపు రెండు అంగుళాల పైన సందులు తేలతాయి. వాటిని మాలుతో నింపితే అక్కడే పగులుతుంది. వంపు ఇటుకలు దొరికితే సరే, లేకపోతే లోపల 3 అడుగుల చదరం చాలు. ఒక్కో వైపు నాలుగున్నర ఇటుకలు, మూలల్లో ఒకదాని చివర ఇంకొకటి ఆనేలా పేరిస్తే వరసకు 18 పడతాయి. నాలుగు వరసలు వేయాలి. కింది వరసలో ప్రతి వైపు సగం ఇటుకను మధ్యలో పెట్టకుండా వదిలేస్తే గాలి కన్నాలు నాలుగు వస్తాయి. అలా గోడలకు 70 ఇటుకలు, అడుగున పరచడానికి 32, విరిగేవి కలుపుకుని 110 తెచ్చుకోవాలి. భారత ప్రమాణం ఐఎస్ 8 రకం ఇటుక గానీ, కనీసం ఐఎస్ 6 రకం గానీ కావాలని చెప్పి అడగండి. ఎర్రగా గట్టిగా కాలిన మామూలు ఇటుకను ఫైర్ బ్రిక్ అని అంటగట్టే దుకాణాలున్నాయి. అసలుది లేత పసుపులోనో మట్టి రంగులోనో ఉండి, మామూలు ఇటుక కంటే బరువుగా, అంచులు సూటిగా ఉంటుంది.

అతుకు 2, 3 మిల్లీమీటర్లకు మించకూడదు. తాపీతో ముద్దలు వేయడం కాదు, పలచగా కలిపిన మాలులో ఇటుకను ముంచి తీసి అతికించాలి. వేడిని తట్టుకునే మాలు పొడి 25 కిలోల బస్తా ఒకటి సరిపోతుంది. ఇక్కడే ఒక చిక్కుంది. దుకాణాల్లో ఇచ్చే ఉత్తి ఫైర్ క్లే (వేడిని తట్టుకునే బంకమట్టి) పొడి కొలిమి వేడికి గానీ గట్టిపడదు. ఆరుబయట కడితే మొదటి వానకే కొట్టుకుపోతుంది. వేడిని తట్టుకునే హై అల్యూమినా సిమెంటు కలిసిన, నీటితోనే గట్టిపడే రకం అడిగి తీసుకోవాలి. బస్తా మీద రాసిన నీటి కొలత దాటొద్దు.

బయటి గోడ నాలుగున్నర అంగుళాల మామూలు ఇటుకతో, మామూలు సిమెంటుతో కట్టుకోవచ్చు. దానికి గ్రానైట్ పలకలు అతికించినా ఇబ్బంది లేదు, మంట అక్కడిదాకా చేరదు. కింది గాలి కన్నాలు ఈ గోడలోనూ ఎదురెదురుగా రావాలి. బయటి గోడను లోపలి దానికంటే అర అంగుళం ఎత్తు లేపండి. పైన వేసే 9 అంగుళాల బండ బయటి గోడ మీదే కూర్చోవాలి, ఫైర్ బ్రిక్ మీద ఆనకూడదు. లోపలి అంచుకు 2 అంగుళాలు వెనకే ఆగాలి. మొత్తం ఎత్తు 15 అంగుళాలకు వస్తుంది.

అడుగున కాంక్రీటు పోయడం చాలామంది చేసే పొరపాటు. వాన నీరు నిలిచి, బూడిదతో కలిసి, క్షారంగా మారి కట్టెల కింద పెట్టే ఇనుప జల్లెడనూ అతుకులనూ తినేస్తుంది. నీరు పట్టిన ఇటుక మీద పెద్ద మంట వేస్తే అదీ చిట్లుతుంది. గోడల కింద మాత్రం 15 అంగుళాల వెడల్పు కాంక్రీటు పట్టీ వేసి, మధ్యలో 9 అంగుళాల లోతున 40 మిల్లీమీటర్ల కంకర, దానిపై 2 అంగుళాల ఇసుక పరచి, ఫైర్ బ్రిక్స్‌ను మాలు లేకుండా ఒట్టిగా పేర్చాలి. సందుల్లోంచి నీరు దిగిపోతుంది. కంకర కూడా గ్రానైటే కాబట్టి ఇసుక, ఇటుక దాన్ని కప్పి ఉంచాలి. లోపలి నేల చుట్టూ ఉన్న నేలకంటే 2 అంగుళాలు పైకి ఉండాలి. చేవెళ్ల, వికారాబాద్ వైపు నల్లరేగడిలో ఇది చాలదు. ఆ మట్టి వానకు ఉబ్బి, ఎండకు బీటలిస్తుంది, పైనున్న కట్టడాన్ని ఏటా ఎత్తి దించుతుంది. అక్కడ 3 అడుగులు తవ్వి, మొరం ఆరు అంగుళాల చొప్పున పొరలుగా పోసి నీళ్ళు చల్లి దిమ్మిస కొట్టి, దానిమీద మొదలుపెట్టాలి. కంకర అడుగు నుంచి పల్లపు వైపు ఒక పీవీసీ పైపు కూడా వేయాలి, లేకపోతే దిగిన నీరు అక్కడే నిలుస్తుంది.

పూర్తయ్యాక వారం రోజులు ఆరనివ్వండి. తర్వాత మూడు నాలుగు రోజులు అరగంట చొప్పున చితుకుల మంట, రోజురోజుకూ కాస్త పెంచుతూ. గృహప్రవేశం రోజునే మొద్దులు పడేస్తే మాలులోని తడి ఆవిరై అతుకులు తెరుచుకుంటాయి.

చోటు విషయంలో రాజీ పడొద్దు. మన తెలుగువాళ్ళు లక్షలమంది ఉంటున్న అమెరికాలో అనేక రాష్ట్రాలు పాటించే అంతర్జాతీయ అగ్ని నియమావళి ఇలాంటి బహిరంగ మంటకు కట్టడాల నుంచి 25 అడుగుల దూరం అడుగుతుంది. కట్టెల కుప్ప 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు మించకూడదంటుంది. మన దగ్గరా అదే కొలత పెట్టుకోవడం మంచిది. తాటాకు, రెల్లు కప్పిన గజిబోల కింద, షేడ్ నెట్ పక్కన, కొబ్బరి చెట్ల కింద, కరెంటు తీగల కింద మంట అసలే వద్దు. ఎండు కొబ్బరి మట్టకు ఒక్క నిప్పురవ్వ చాలు. చుట్టూ 3 అడుగుల దారి, ఆ తర్వాత అరుగు వేసుకుంటే 15 అడుగుల చదరం స్థలం కావాలి.

పొగ ఎక్కువైతే ముందుగా కట్టెలను చూడాలి. తేమ 20 శాతం దాటిన కట్టె మండదు, ఉడుకుతుంది. చీల్చిన పేళ్ళను పైకప్పు కింద, గాలి ఆడేలా ఆరు నెలలు ఆరబెట్టాలి. తుమ్మ, సర్కారు తుమ్మ, సరుగుడు, చింత బాగా నిప్పు పడతాయి. పెరట్లో కొట్టేసిన గన్నేరు కొమ్మల్ని మాత్రం మంటలో వేయొద్దు, దాని పొగా విషమే. జీడిగింజల పెంకు, ప్లైవుడ్, రంగు వేసిన తలుపు చెక్కలు కూడా అంతే. ఎండు కట్టెకూ పొగ వస్తుంటే గాలి కన్నాలు బూడిదతో మూసుకున్నాయేమో చూడండి.

చిమ్నీ ఉన్న గోడ పొయ్యి కట్టించుకునేవాళ్ళకు ఒక లెక్క. పొయ్యి నోరు 36 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల ఎత్తు అయితే 1,080 చదరపు అంగుళాలు. పొగ గొట్టం లోపలి వైశాల్యం అందులో పదో వంతు, అంటే 108 ఉండాలి. పెరటి చిమ్నీలు పొట్టివి కాబట్టి ఎనిమిదో వంతు, 135 పెట్టడం మేలు. ఆరంగుళాల పైపు పెట్టి, పొగ ముఖానికి కొడుతోందని ఫ్యాను బిగించినవాళ్ళున్నారు. ఫ్యాను దీన్ని సరిచేయలేదు.

గ్యాసు పిట్ అయితే గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే, ఎల్పీజీ గాలికంటే బరువు. లీకైతే గుంతలోనే నిలిచి, వెలిగించగానే భగ్గుమంటుంది. అడుగు మట్టంలో రెండు ఎదురెదురు వైపులా గాలి కన్నాలు తప్పనిసరి. సిలిండరును ఆ గుంత కట్టడం లోపల దాచకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది మంట అయిపోయాక చేసే పని. వేడి ఇటుకల మీద బకెట్ నీళ్ళు గుమ్మరిస్తే పగులుతాయి. నిప్పుల్ని పరచి, దానంతట అది ఆరనిచ్చి, పడుకునే ముందు కొద్దికొద్దిగా నీళ్ళు చల్లాలి. పైకి చల్లగా కనిపించే బూడిదలో మర్నాటికి కూడా నిప్పు ఉంటుంది, మూతున్న ఇనుప బకెట్లోకే ఎత్తాలి. అరకు, లంబసింగి లాంటి చోట్ల చలికి తట్టుకోలేక మిగిలిన నిప్పుకణికల్ని కుంపట్లో వేసుకుని గదిలోకి తెచ్చుకునేవాళ్ళున్నారు. తలుపులు మూసిన గదిలో ఆ బొగ్గులు కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాళ్ళకు మెలకువ కూడా రాదు.

మీ ఇళ్ళ పేజీలో ఇకమీద ఫైర్ పిట్ ఫొటో వేసినప్పుడు పక్కనే గోడ అడ్డుకోత బొమ్మ ఒకటి వేయండి. రెండు గోడలు, మధ్య ఖాళీ, కింద కంకర కనిపించేలా ఉంటే మేస్త్రీలు దాన్ని చూసే కట్టగలరు. హోమ్‌స్టే యజమానులు ప్రతి గది తలుపు లోపలివైపు "నిప్పులు గదిలోకి తేవద్దు" అని తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాయించాలి. గదికి ఇంకో రెండు రగ్గులు అదనంగా ఇవ్వాలి.

ఇట్లు,
ఒక భవన నిర్మాణ ఇంజినీరు,
రంగారెడ్డి జిల్లా