కరెంటు బిల్లు గురించి శ్రావణికి

రాజమహేంద్రవరం

చి.ల.సౌ. శ్రావణికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న ఫోనులో నీవు మే నెల కరెంటు బిల్లు చదివి వినిపించినప్పటి నుంచి నా మనసు అక్కడే ఉంది. లైట్లన్నీ ఎప్పటికప్పుడు ఆర్పుతూనే ఉన్నామన్నావు. మంచిదే, కానీ 9 వాట్ల ఎల్ఈడీ బల్బు నూరు గంటలు దాటి వెలిగితే గాని ఒక యూనిట్ కాలదమ్మా. వేడిచేసేవి, చల్లబరిచేవి, రోజంతా తిరిగేవి, ఈ మూడింటి దగ్గరే అసలు ఖర్చంతా ఉంటుంది.

ఒక ఆదివారం ఉదయం ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపి, మీటరు ముందు నాలుగు నిమిషాలు నిలబడు. దాని మీది చిన్న ఎర్రదీపం యూనిట్‌కు ఎన్నిసార్లు మినుకుమంటుందో పక్కనే అచ్చువేసి ఉంటుంది. మన మీటరు మీద 3200 అని ఉంది. నేను అలా నిలబడిన రోజున, అన్నీ ఆపాననుకున్న తరువాత కూడా దాదాపు రెండు నిమిషాలకోసారి ఆ దీపం వెలిగింది. వెతికితే అది సెట్‌టాప్ బాక్సు; రిమోట్‌తో ఆపినా పెట్టె గోరువెచ్చగానే ఉంది. పది వాట్లే కావచ్చు, నెలకు ఏడు యూనిట్లు. అప్పటి నుంచి రాత్రిపూట గోడ దగ్గర స్విచ్చే ఆపుతున్నాము.

ఇక ఫ్యాన్లు. మీ ఇంటి యజమాని పెట్టిన పాత ఫ్యాను ఒక్కొక్కటి సుమారు 75 వాట్లు తీసుకుంటుంది, బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారున్నది, అదే గాలిని సుమారు 30 వాట్లతో ఇస్తుంది. రోజుకు పదిహేను గంటలు తిరిగే ఫ్యాను మారిస్తే నెలకు ఇరవై యూనిట్లు మిగులుతాయి, మూడు మారిస్తే అరవై. వాడకం పెరిగేకొద్దీ పై శ్లాబులో యూనిట్ ధర కూడా పెరుగుతుంది కనుక, ఆ మిగిలే అరవై యూనిట్లూ బిల్లులో అన్నిటికంటే ఖరీదైనవి. అద్దె ఇల్లని వెనుకాడవద్దు. ఇల్లు మారేటప్పుడు ఫ్యాన్లు విప్పి వెంట తీసుకుపోవచ్చు.

ఏసీని 18లో పెట్టినంత మాత్రాన గది త్వరగా చల్లబడదు, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుందంతే. స్టార్ గుర్తున్న ఏసీలను ఆన్ చేయగానే 24 డిగ్రీల వద్ద మొదలయ్యేలా తయారుచేయాలని 2020 జనవరి నుంచి నిబంధన ఉంది. నీవు 26లో పెట్టి, పైన ఫ్యాను నెమ్మదిగా తిరగనివ్వు. పిల్లవాడికీ అదే సుఖం. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం ఆదా అని కరెంటు పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. నెలకోసారి ఏసీలో దుమ్ము పట్టే జాలీ (ఫిల్టరు) కడుగు.

ఫ్రిజ్ విషయంలో నేను చేసిన తప్పు నీవు చేయవద్దు. తలుపు రబ్బరు గట్టిపడి చల్లదనం బయటికి పోతున్నా చాలాకాలం గమనించలేదు. తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూసి లాగి చూడు. సులువుగా ఊడివస్తే రబ్బరు మార్పించు.

వంటింటి సంగతి మీ అమ్మ చెప్పమన్నది: కందిపప్పు అరగంట ముందే నానబెట్టు, కుక్కరుకు విజిల్ రాగానే మంట సిమ్‌లో పెట్టు. గీజరు స్నానానికి పావుగంట ముందు వేస్తే చాలు.

ఈసారి రీడింగ్ తీసిన రోజున మీటరు మీది అంకె నాకు పంపు. పడకగదికి ఒక ఫ్యాను కొని ఉంచాను, వచ్చే వారం వచ్చినప్పుడు తెస్తాను. అల్లుడుగారిని, బాబును అడిగినట్లు చెప్పు.

ఆశీస్సులతో,
నాన్న