పడవలు లెక్కపెట్టిన అమ్మాయి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ సినిమా పేజీలో ‘టైటానిక్’ గురించి వచ్చిన వ్యాసం చదివాను. 1997లో జేమ్స్ కామెరాన్ తీసిన ఆ చిత్రానికి 11 ఆస్కార్లు రావడం, జాక్, రోజ్‌ల ప్రేమ, చివర్లో ఓడ మునిగాక నీళ్లలో తేలుతున్న ఆ చెక్క మీద ఇద్దరికీ చోటు సరిపోయేదా అన్న వాదన, అన్నీ రాశారు. చెక్క మీద చోటు గురించి ఇంతగా వాదించుకునే మనం ఓడ మీది ప్రాణరక్షణ పడవల్లో చోటెందుకు చాలలేదో అడగకపోవడం నాకు బాధ కలిగించింది.

ఆ ప్రశ్న సినిమాలోనే ఉంది. రోజ్ డెక్కు మీద నడుస్తూ, పడవలను మనసులో లెక్కవేసుకుని, ఇవి అందరికీ చాలవు కదా అని ఓడను రూపొందించిన థామస్ ఆండ్రూస్‌ను అడుగుతుంది. ఇంకో వరస పెట్టే ఏర్పాటు తాను చేసినా, డెక్కు ఇరుకుగా కనిపిస్తుందని కొందరు వద్దన్నారని ఆయన చెబుతాడు. ఎన్నిసార్లు చూసినా ఆ మాట దగ్గర నాకు మనసు కలుక్కుమంటుంది.

1912 ఏప్రిల్ 14 రాత్రి 11.40కి మంచుకొండను ఢీకొన్న ఆ ఓడలో సుమారు 2,200 మంది ఉండగా, ఉన్న 20 పడవల్లో 1,178 మందికే చోటుంది. అయినా నిబంధన తప్పినట్టు కాదు. 10,000 టన్నుల ఓడలను దృష్టిలో పెట్టుకుని రాసిన పాత నిబంధనల ప్రకారం, 46,000 టన్నులు దాటిన ఈ ఓడకు 16 పడవలే చాలు. పైగా మొదట దించిన పడవలో 65 మంది పట్టేచోట 28 మందే ఎక్కారు. 1,500 మందికి పైగా చనిపోయారు.

మాది కొల్లాపూర్ ప్రాంతం. మొన్న సంక్రాంతికి కుటుంబంతో శ్రీశైలం వెనుక జలాల్లో ఒక మరపడవ ఎక్కాం. లైఫ్ జాకెట్లు ఒక మూలన నైలాన్ తాడుతో కట్టేసి ఉన్నాయి. మా మనవరాలికి ఒకటి ఇమ్మంటే ముడి విప్పడానికే చాలాసేపు పట్టింది. తీరా వచ్చింది పెద్దవాళ్లది. భుజాల మీది నుంచి జారి మోకాళ్లకు తగిలింది, నడుము దగ్గర క్లిప్పు విరిగిపోయి ఉంది. “ఏం గాదు పెద్దసారూ, రోజూ తిరిగే నీళ్లే” అన్నాడు పడవ నడిపే అబ్బాయి. 2007 జనవరిలో పడవ మునిగి పదుల మంది పోయింది ఈ కృష్ణలోనే. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదాన్ని ఇంకా ఎవరూ మరవలేదు.

టైటానిక్ మునిగిన రెండేళ్లకు, 1914లో, పలు దేశాలు కూర్చుని ఓడలో ఉన్న ప్రతి ఒక్కరికీ పడవలో చోటుండాలని ఒప్పందం రాసుకున్నాయి. మన రేవుల్లోనూ ప్రతి పడవ మీద ఎంతమంది ఎక్కవచ్చో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలని, చిన్నపిల్లల కొలతలవి సహా జాకెట్లు అందరికీ తొడిగించాకే తాడు విప్పనివ్వాలని అధికారులను కోరుతున్నాను. వచ్చే సెలవుల్లో జనం రేవులకు వెళ్లేలోగా మీ జిల్లా పేజీలో దీని గురించి రాయవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కొల్లాపూర్, నాగర్‌కర్నూల్ జిల్లా