మనస్తత్వశాస్త్రం 1879లో ఊడిపడలేదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో మనస్తత్వశాస్త్రం మీద మీరు వేసిన వ్యాసం చదివాను. 1879లో లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల పెట్టడంతో ఈ శాస్త్రం మొదలైందని, అంతకుముందు ఉన్నదంతా తత్వవేత్తల ఊహాగానమని రాశారు. ప్రయోగశాల మాట సరే. రెండో మాట నేను ఒప్పుకోలేను. డిగ్రీ పిల్లలకు ఈ సబ్జెక్టు చెప్పేదాన్ని కాబట్టి అలాంటి వాక్యం చేసే నష్టం నాకు తెలుసు. పదిహేడో శతాబ్దపు ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ ఎవరని అడిగితే ‘పుట్టినప్పుడు మనసు తెల్ల కాగితం అన్నాయన’ అని టక్కున చెబుతారు. మార్కులు పడతాయి, లాక్ అక్కడితో అయిపోతాడు.

కానీ మానవ అవగాహన మీద రాసిన తన గ్రంథం నాలుగో ముద్రణలో, 1700లో, లాక్ ఒక కొత్త అధ్యాయం చేర్చాడు. ఒక భావం ఇంకో భావానికి ఎలా ముడిపడిపోతుందన్నది అందులో విషయం. ఒక యువకుడు డాన్స్ నేర్చుకున్న గదిలో పాత పెట్టె ఒకటి ఉండేదట. ఆ తర్వాత ఎక్కడైనా సరే, అలాంటి పెట్టె అదే చోట కనిపిస్తే తప్ప అతని అడుగు సరిగ్గా పడేది కాదట. చీకటికీ దెయ్యాలకూ ముడిపెట్టి చిన్నప్పుడు చెప్పిన కథలు పెద్దయ్యాక కూడా మనిషిని వదలవంటాడు. బడిలో తిన్న దెబ్బల బాధను పుస్తకానికి అంటగట్టుకున్న పిల్లలకు పుస్తకమంటేనే అసహ్యం పుడుతుందంటాడు. పాఠం చెప్పే ప్రతి ఒక్కరూ చదవాల్సిన మాట ఇది.

1920లో వాట్సన్, రేనర్ అనే మనస్తత్వ పరిశోధకులు ఒక పసివాడు తెల్ల ఎలుకను ముట్టుకోబోతుంటే వెనక ఉక్కు కడ్డీ మోగించి, ఎలుకంటే భయం నేర్పారు. పసివాడి మీద అలాంటి ప్రయోగం చేయడం తప్పే. అయితే దాని వెనకున్న ఆలోచన లాక్ అధ్యాయంలో అప్పటికే ఉంది.

మరి ఊహాగానమైతే దాన్ని పరీక్షకు పెట్టడం కుదిరేదా? డబ్లిన్‌కు చెందిన విలియం మాలినో లాక్‌ను ఒక ప్రశ్న అడిగాడు. మాలినో భార్యకు చూపు పోయింది. పుట్టుగుడ్డి ఒకడు గోళాన్నీ ఘనాన్నీ చేత్తో తడిమి గుర్తుపట్టగలడు. అతనికి హఠాత్తుగా చూపొస్తే, ముట్టుకోకుండా ఏది ఏదో చెప్పగలడా? చెప్పలేడని మాలినో అభిప్రాయం, లాక్‌దీ అదే. అదే గ్రంథం 1694 ముద్రణలో లాక్ ఆ ప్రశ్నను అచ్చువేశాడు. పుట్టుకతో చూపు లేక, ఆపరేషన్‌తో చూపొచ్చిన మన దేశపు పిల్లలను పవన్ సిన్హా బృందం పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించింది. చేత్తో తడిమిన వస్తువును ఆ పిల్లలు కంటితో వెంటనే పోల్చుకోలేకపోయారు. కొద్ది రోజుల్లోనే ఆ నేర్పు వచ్చేసింది. ఇంత త్వరగా రావడం లాక్ కూడా ఊహించి ఉండడు!

తత్వవేత్తల కాలపు ప్రశ్న ఇంకొకటి చూడండి. శరీరం లేని ఆత్మ శరీరాన్ని ఎలా కదిలిస్తుందని 1643లో బొహీమియా రాకుమారి ఎలిజబెత్ ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్‌ను ఉత్తరాల్లో నిలదీసింది. ఆ ప్రశ్న ఇంకా తేలలేదు.

నాదొక విన్నపం. ఈ శీర్షిక కొనసాగించేట్టయితే, ఒక వారం మాలినో ప్రశ్న ఒక్కటే వేయండి, జవాబు లేకుండా. పాఠకులను ఆలోచించి రాయమనండి. 2011 ఫలితాన్ని మరుసటి వారం ఇవ్వండి.

– ఒక మనస్తత్వశాస్త్ర అధ్యాపకురాలు