ముక్కలు నాలుగే, అమ్మా

లెస్టర్,
ఆదివారం మధ్యాహ్నం

అమ్మకు,

నేను బాగున్నాను. ఈ వారం నాలుగు నైట్ డ్యూటీలు పడ్డాయి, అయిపోయాయి. డబ్బులు మంగళవారం పంపాను, చిన్నోణ్ణి బ్యాంకులో ఓసారి కనుక్కోమను. నాన్న ఎడమ చెయ్యి ఎలా ఉందని అడిగితే "పర్లేదు" అంటావు. పర్లేదంటే ఏమిటి? గ్లాసు పట్టుకోగలుగుతున్నాడా, లేదా? అది చెప్పు నాకు.

ఇక అసలు సంగతి. పిన్ని పెట్టిన స్టేటస్‌లో నా వీడియో చూసి నువ్వు ఫోన్ పెట్టేసినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. "మీ నాన్న చాలలేదని నువ్వు కూడానా" అన్నావు. ఆ తర్వాత నన్ను ఒక్క ముక్క మాట్లాడనిచ్చావా? అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్ని కట్ చెయ్యలేవుగా.

నేను పేకాట ఆడట్లేదమ్మా. డబ్బు పెట్టీ ఆడట్లేదు, పెట్టకుండానూ ఆడట్లేదు. కాలవ కింది ఎకరం ఎలా పోయిందో మర్చిపోయే దాన్నా నేను? ఆ కనుమ రోజు నువ్వు పేకకట్ట తీసుకెళ్లి పొయ్యిలో పడేసినప్పుడు నీ పక్కనే నిలబడి ఉన్నాను. ఆఠీను రాణి మూల నుంచి ముడుచుకుంటూ కాలడం ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నాన్న కూడా ఏమీ అనలేదు.

నేను చేసేది మ్యాజిక్. దానికి పేక మొత్తం కూడా అక్కర్లేదు. నాలుగైదు ముక్కలు, మహా అయితే పది, పన్నెండు. ఇలాంటివాటిని ప్యాకెట్ ట్రిక్కులంటారు. చిన్న పర్సులో పెట్టుకుంటే యూనిఫాం జేబులో పట్టేస్తాయి. మా ఆసుపత్రిలో ట్రాలీలు తోసే ఒక ముసలాయన నేర్పాడు, రాత్రి రెండింటికి టీ తాగే టైములో. మొదటి చలికాలం నేనెలా ఉన్నానో నీకెప్పుడూ చెప్పలేదు. సాయంత్రం నాలుగింటికే చీకటి. గదికొస్తే పలకరించే మనిషి లేదు. ఆ రోజుల్లో చేతుల్లో ఈ నాలుగు ముక్కలుంటే గంట తెలియకుండా గడిచిపోయేది. అంతకంటే రాయను, నువ్వు ఏడుస్తావు.

మొట్టమొదట నేర్చుకోవాల్సింది ఒక లెక్క. అలెక్స్ ఎల్మ్‌స్లీ అని స్కాట్లండ్‌లో పుట్టినాయన, కంప్యూటర్ల పని చేసేవాడు, 1950ల్లో కనిపెట్టాడు. మొదట్లో దాన్ని దెయ్యం లెక్క అనేవాళ్లట. భయపడకు, దెయ్యాలేమీ లేవు. నాలుగు ముక్కల్ని ఒకటి, రెండు, మూడు, నాలుగు అని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి తీసుకుంటావు. చూసేవాళ్లకు నాలుగూ చూశామనే అనిపిస్తుంది. నిజానికి చూసింది మూడే. రెండోది తీసేటప్పుడు దాని వెనక మూడోది కూడా అతుక్కుని వెళ్లిపోతుంది, అదే క్షణంలో మొదటిది వెనక్కి జారిపోయి చివర నాలుగోదిగా మళ్లీ వస్తుంది. రెండు ముక్కలూ ఒక్కటిలా కదలాలి, చెయ్యి ఎక్కడా ఆగకూడదు. నాకు మూడు నెలలు పట్టింది. రోజంతా సబ్బుతో కడిగీ కడిగీ నా చేతులు ఎండిపోయి ఉంటాయి కదా, ముక్క వేలికి పట్టదు. నాన్నయితే పంచేటప్పుడు బొటనవేలు నాలుకకు అద్దుకునేవాడు. నర్సును, నేనలా చెయ్యగలనా? క్రీము రాసుకుని పది నిమిషాలాగి మొదలుపెడతాను.

ఆ వీడియోలో ఉన్నది డై వెర్నన్ అనే కెనడా ఆయన ట్రిక్కు. నాలుగు ఆసులు బోర్లా పెట్టుకుని ఒక్కసారి మెలితిప్పితే, లెక్కపెట్టేటప్పుడు ఒక ఆసు వెల్లకిలా తిరిగి ఉంటుంది. మళ్లీ తిప్పితే ఇంకోటి. చూడ్డానికి అంతే, కానీ ఎంత చేసినా నాకు విసుగు పుట్టదు.

ఆ వీడియో మొన్న ఇక్కడ మనవాళ్లు చేసిన ఉగాదిది. పిన్ని సగమే పెట్టింది, బతికించింది. మిగతా సగంలో నా చేతులు వణికాయి, వెనక దాగాల్సిన ముక్క అంచు బయటికొచ్చింది. ముందు వరసలో ఏడేళ్ల పిల్లాడు "ఆంటీ, అక్కడ రెండున్నాయి" అని అరిచాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకో, కానీ పచ్చడి గొంతు దిగలేదు. అయినా తర్వాత ఆ పిల్లాడే వచ్చి నేర్పమని చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఆడపిల్ల చేతిలో ముక్కలేమిటని అత్తయ్య అందట. లండన్‌లో మ్యాజిక్ సర్కిల్ అని 1905లో పెట్టిన సంఘం ఉంది, అందులోనూ 1991 దాకా ఆడవాళ్లను చేర్చుకోలేదు. మన అత్తయ్య ఒక్కతే కాదు. గుట్టు బయటపెట్టకూడదని వాళ్ల నియమం. నీకు ఇంత రాశాక నన్నెలాగూ చేర్చుకోరులే.

కూరల్లోకి చింతపండు ఇక్కడ దొరుకుతోంది, పంపొద్దు. ఆవకాయ మాత్రం వెల్లుల్లి ఎక్కువేసి పెట్టు.

ఇంకో మాట. నాన్న ఆ వీడియో రెండుసార్లు వేయించుకుని చూశాడని పిన్ని చెప్పింది. ఏమీ అనలేదట. రబ్బరు బంతి నొక్కమంటే విసిరికొట్టాడని కూడా చెప్పింది. నేను రోజూ చూసేది ఇలాంటి చేతులనేనమ్మా, ఇష్టం లేని పని చేయిస్తే అవి కదలవు. నాన్న పేక కలుపుతుంటే వచ్చే ఆ చప్పుడు నీకు పడదు, తెలుసు. నాకు చిన్నప్పుడు అది వింటూ అరుగు మీద నిద్రపట్టేది. కోప్పడకు.

అందుకని కవర్లో నాలుగు ఆసులు పెట్టాను. వెనక సైకిలెక్కిన దేవదూతల బొమ్మలుంటాయి, చూడు. నాన్నను ఆ ముక్కలు ఎడమచేత్తో పట్టుకుని, బొటనవేలితో పై ముక్క ఒక్కటే పక్కకు తొయ్యమను. పొద్దున పది సార్లు, సాయంత్రం పది సార్లు. మొదట్లో కింద పడతాయి, నువ్వు అరవకు. ఆ వెర్నన్ 1894లో పుట్టి 98 ఏళ్లు బతికాడు, నాన్నకు ఇంకా అరవై ఏడేగా.

నాలుగు ముక్కలతో రమ్మీ ఎవరూ ఆడలేరు, పదమూడు కావాలి. అయినా భయమైతే రాత్రిళ్లు బీరువాలో పెట్టి తాళం వేసుకో. పొయ్యిలో మాత్రం పెట్టకు. ఇస్పేటు ఆసు మూల కాస్త నలిగింది, అది నా చేతి పనే. రెండు ముక్కలు కలిసి వచ్చాయంటే నాకు వెంటనే ఫోన్ చెయ్యమను.

నీ
బుజ్జి