పార్కులో ఇకపై బ్రేకు లేని సైకిలు తిరగదు

బల్లార్‌పూర్‌లో మన సైకిల్ షాపుకు ఏళ్ల తరబడి వస్తున్నవారికి, తెల్లవారకముందే పిల్లలను నిద్రలేపి పార్కుకు పంపే తల్లిదండ్రులకు నమస్కారం.

పన్నెండు రోజులుగా పార్కులో ట్రాక్ సాధన, అంటే గుండ్రని పోటీ బాట మీద బ్రేకు లేని సైకిళ్లు తొక్కే సాధన, ఆపేశాను. వెనక చక్రం పట్టు విడిచి ఒక పిల్లవాడు పడ్డాడు, వాడి ఎముక విరిగింది. ఎందుకు ఆపానో కొందరికి తెలుసు, కొందరికి సగమే తెలుసు. స్టేషన్ దగ్గర టీ కొట్టులో మరో కథ నడుస్తోందని నిన్న విన్నాను. పిల్లవాడు స్నేహితులతో పందెం కట్టి తొక్కాడని, అందుకే పడ్డాడని ఆ కథ. అది అబద్ధం. వాడి తప్పు రవ్వంత కూడా లేదు. తప్పు ఆ చక్రం పంపినవారిది, విప్పి చూడకుండా దాన్ని సైకిలుకు బిగించిన నాది. అందుకే నేనే కూర్చుని ఇది రాస్తున్నాను. మరాఠీలో క్లుప్తంగా రాసిన కాగితం షాపు షట్టరుకు అంటించాను.

ఆ ఆదివారం పొద్దున ఎనిమిది మంది పిల్లలు ఒకరి వెనక ఒకరు వరుసగా తొక్కుతున్నారు. చివరి చుట్టు పూర్తి వేగంతో తొక్కి, తర్వాత చుట్టులో మెల్లగా నెమ్మదించాలి. ట్రాక్ సైకిలుకు బ్రేకులుండవు, ఫ్రీవీల్ ఉండదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతూనే ఉంటాయి. వేగం తగ్గాలంటే తిరుగుతున్న పెడళ్లను కాళ్లతో వెనక్కి అదిమి పట్టాలి. వరుసలో నాలుగోవాడు, పదిహేనేళ్ల బాబు, నేను నేర్పినట్టే అదిమాడు. టక్కుమని ఒక చప్పుడు వచ్చింది. ఆ వెంటనే వాడి కాళ్లు పట్టు లేకుండా వెనక్కి గిర్రున తిరగడం పది అడుగుల దూరం నుంచి చూశాను. ఎదురుగా మలుపు. అక్కడ నడకకు వచ్చే పెద్దలు రోజూ నిలబడి మాట్లాడుకుంటారు. వాళ్ల మీదికి పోకుండా వాడు హ్యాండిల్‌ను గడ్డి వైపు తిప్పేశాడు. సిమెంటు బెంచీకి గుద్దుకుని పడ్డాడు. కుడివైపు కాలర్ బోన్ విరిగింది. తలకు హెల్మెట్ ఉంది కాబట్టి ఇంకేమీ కాలేదు. ఆ ఒక్క క్షణంలో వాడు చూపించిన బుద్ధికి నేను చేతులెత్తి మొక్కుతాను.

ఆస్పత్రి ఖర్చు నేను పెట్టుకున్నాను. అది చెప్పుకోవాల్సిన విషయం కాదు, కానీ దాని మీద కూడా ఏవేవో మాటలు వినిపిస్తున్నాయి కనుక చెబుతున్నాను.

ఇక ఆ చక్రం సంగతి. దీన్ని కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే మీలో చాలామంది పిల్లలు ఇలాంటి చక్రాల మీదే తొక్కుతున్నారు.

చక్రం నడిమి భాగాన్ని హబ్ అంటారు. పళ్లచక్రం చక్రంతో పాటే తిరిగేది ఫిక్స్‌డ్ హబ్. అసలైన ఫిక్స్‌డ్ హబ్‌కు రెండు మెట్లుగా మరలుంటాయి. లోపలి మెట్టు పెద్దది, కుడి మర, అంటే కుడికి తిప్పితే బిగుస్తుంది. దాని మీద పళ్లచక్రం బిగుస్తుంది. బయటి మెట్టు కొంచెం చిన్నది, అది ఎడమ మర, ఎడమకు తిప్పితే బిగుస్తుంది. దాని మీద లాక్ రింగు బిగుస్తుంది. పిల్లవాడు పెడల్‌ను వెనక్కి అదిమినప్పుడు పళ్లచక్రం విప్పుకోవాలని చూస్తుంది. అలా చూసినప్పుడల్లా లాక్ రింగు ఎదురు దిక్కున ఇంకా గట్టిగా బిగుస్తుంది. బ్రేకు లేని సైకిలు మీద పిల్లవాడి ప్రాణం నిలిచేది ఆ ఎడమ మర మీదే.

మాకు వచ్చిన చక్రాల్లో కొన్నింటికి ఆ రెండో మెట్టే లేదు. అవి మామూలు ఫ్రీవీల్ హబ్బులు. వాటి మీద పళ్లచక్రం ఎక్కించి, దాని పైన అదే కొలత, అదే దిక్కు మర ఉన్న రింగు బిగించి, మరలకు గట్టిపడే గమ్ము పూసి పంపారు. పైనుంచి చూస్తే తేడా తెలియదు. పళ్లచక్రం కదిలితే అడ్డుకోవాల్సిన రింగు దానితో పాటే ఊడి వస్తుంది. మన బాబు సైకిలుకు జరిగింది సరిగ్గా అదే.

ఇవి పంపిన టోకు వ్యాపారి దగ్గర అంతకుముందు ఆరు చక్రాలు కొన్నాను. ఆరింటినీ విప్పి, మరలు చూసి, గ్రీజు పెట్టి మళ్లీ బిగించాను. ఒక్కదానికీ వంక లేదు. రెండోసారి ఎనిమిది చక్రాలకు డబ్బు ముందే కట్టాను. పది రోజుల్లో పంపుతానన్న మనిషి ఇరవై తొమ్మిది రోజులు చేశాడు. రోజూ ఫోను చేసేవాడిని. లారీ బయలుదేరిందనేవాడు, మర్నాడు అడిగితే ఇంకా ఎక్కించలేదనేవాడు. మన పిల్లలు ముగ్గురు పుణెలో ట్రాక్ మీద తొక్కడానికి వెళ్లాలి, చేతిలో మూడు వారాలే మిగిలాయి. పెట్టె వచ్చిన రాత్రి షట్టరు సగం దించి కూర్చున్నాను. మొదటి రెండు చక్రాలు విప్పి చూశాను. రెండూ సరైనవే. అప్పటికి రాత్రి ఒంటిగంట దాటింది. మిగతా ఆరూ విప్పకుండా బిగించేశాను.

ప్రమాదం తర్వాత ఆ ఆరూ విప్పాను. నాలుగు దొంగ హబ్బులు, రెండు మంచివి. అంటే ఆ మనిషికి తేడా తెలియక కాదు, మంచివాటిలో కలిపి పంపాడు. ఫోను చేస్తే, ఈ సరుకే ఎంతోమందికి వేశాను, ఎవరూ ఏమీ అనలేదు అన్నాడు. ఆ తర్వాత కొత్త చక్రాలు పంపుతానని, వచ్చే సరుకు మీద ముప్పై శాతం తగ్గిస్తానని అన్నాడు. విరిగిన ఎముకకు ముప్పై శాతం తగ్గింపు! ఆ క్షణంలో ఫోను పెట్టేశాను. నా డబ్బు తిరిగి రాకపోయినా సరే, ఆయన పంపే ఒక్క చువ్వ కూడా ఈ షాపు గడప తొక్కదు. నష్టపోతున్నావని మిత్రులు చెప్పి చూశారు. పోతే పోనివ్వండి.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకో మాట. మన ఫోను గ్రూపులో ఒకరు, కొత్త సామాను చూసుకోకుండానే బిగించేస్తారా అని అడిగారు. అడగడం న్యాయమే, జవాబు కూడా పైన ఉన్నదున్నట్టు రాశాను. కానీ దాని కిందే మరొకరు, డబ్బు కోసం ఏదైనా చేస్తారు అని రాశారు. అది నేను మరిచిపోలేను. మా నాన్నగారు కరీంనగర్ వైపు నుంచి వచ్చి, పేపర్ మిల్లు గేటు ఎదురుగా చెట్టు కింద పంపు, నీళ్ల తొట్టి పెట్టుకుని కూర్చున్నారు. షిఫ్టు సైరన్ మోగితే వందల సైకిళ్లు గేటులోంచి వచ్చేవి. రాత్రి షిఫ్టు వాళ్ల సైకిళ్లకు చీకట్లోనే పంక్చర్లు వేసేవారు. గాలి కొట్టినందుకు ఆయన ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు, నేనూ తీసుకోను. ఆ మాట రాసినవారు షాపుకు వచ్చి నా ఎదుట కూర్చుని అనవచ్చు. లెక్కల పుస్తకం వారి ముందే తెరుస్తాను.

నాన్నగారికి ఒక నియమం ఉండేది. రెండు బ్రేకులూ పట్టని సైకిలు ఆయన చేతి కింది నుంచి బయటికి వెళ్లేది కాదు. కస్టమరు తొందరపడినా, బ్రేకుకు డబ్బు లేదన్నా సరే, పాత రబ్బరు ముక్కలైనా వేసి పంపేవారు. ట్రాక్ సాధన మొదలుపెట్టినప్పుడు ఆ నియమాన్ని నేనే పక్కన పెట్టాను. ఈ రెండు వారాలూ నన్ను నిద్రపోనివ్వనిది అదే.

ఎందుకు పక్కన పెట్టానో చెప్పాలి. 2019 ఆగస్టులో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆన్ డెర్ ఓడర్‌లో జరిగిన జూనియర్ ప్రపంచ ట్రాక్ పోటీల్లో అండమాన్ నికోబార్ కుర్రాడు ఎసో ఆల్బెన్, మణిపూర్ కుర్రాళ్లు రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్ టీమ్ స్ప్రింట్‌లో బంగారు పతకం గెలిచారు. ఆ వార్త చదివినప్పుడు మన ఊరి పిల్లల కాళ్లు గుర్తొచ్చాయి. రాజురా నుంచి వర్ధా నది వంతెన దాటి స్కూలుకు సైకిలు మీద వచ్చే పిల్లలున్నారు మనకు. లేనిదల్లా ట్రాక్. ట్రాక్ చూడాలంటే హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికో, పుణె బాలేవాడికో రైలెక్కాలి. పోటీ ట్రాక్ 250 మీటర్లది అయితే మలుపుల్లో గోడలా నలభై డిగ్రీలు దాటి పైకి లేస్తుంది. మన పార్కు బాటకు ఆ వాలు లేదు. చక్రం దొర్లించి కొలిస్తే చుట్టు 640 మీటర్లు, బల్లపరుపు నేల.

అయినా వాలు లేకుండా నేర్పగలిగేది చాలా ఉంది. ట్రాక్ మీద ఎప్పుడూ ఎడమవైపుకే తిరుగుతారు, మేమూ పార్కులో అలాగే తిరుగుతాం. ముందున్నవాడు గాలిని చీలుస్తాడు, వెనకవాళ్లు వాడి చక్రానికి మూరెడు దూరంలో నీడలా ఉంటారు. వాడి వంతు అయ్యాక ట్రాక్ మీద కుడికి, వాలు పైకి ఎక్కి, వరుస దాటిపోయాక దిగి చివరి చక్రాన్ని అందుకుంటాడు. మేము బాట కుడి అంచుకు జరిగి అదే చేస్తాం. ముందు 48 పళ్లు, వెనక 16. పెడల్ ఒకసారి తిరిగితే చక్రం మూడుసార్లు తిరుగుతుంది, దాదాపు ఆరు మీటర్లు ముందుకు పోతుంది. పెడల్‌ను నిమిషానికి వందసార్లు తిప్పగలిగితే గంటకు 37 కిలోమీటర్లు దాటినట్టే. మొదట్లో డెబ్బై దగ్గర ఊపిరి ఆడని పిల్లలు ఇప్పుడు మాట్లాడుకుంటూ వంద తిప్పుతున్నారు.

ఆ వరుసలో బ్రేకు ఉండకూడదు. ట్రాక్ మీద బ్రేకులను నిషేధించింది అందుకే. మూరెడు దూరంలో ఒకడు లీవరు నొక్కితే వెనకున్న ఏడుగురూ వాడి మీద పడతారు. కాళ్లతో నెమ్మదించేవాడు మెల్లగానే నెమ్మదిస్తాడు, వెనకవాడికి అర్థమయ్యే సమయం దొరుకుతుంది. చేతికి లీవరు అందితే పిల్లవాడి చూపు ముందున్నవాడి చక్రాన్ని వదిలి లీవరును నమ్ముకుంటుంది. ఆ అలవాటుతో పుణె ట్రాక్ ఎక్కితే వాడికీ ముప్పే, తోటివాళ్లకీ ముప్పే. మూడేళ్ల కిందట నడక పెద్దల్లో ఒకాయన, బాబూ, ఒక్క బ్రేకైనా పెట్టించు అన్నప్పుడు నేను ఇదంతా చెప్పి ఆయన మాట కాదన్నాను. నేను చెప్పినది ట్రాక్‌కు ఇప్పటికీ నిజమే. కానీ మాది పార్కు. ట్రాక్ మీదికి మనవరాలి చెయ్యి పట్టుకుని ఎవరూ నడిచి రారు. నేను చూడాల్సింది అది, చూడలేదు. మొన్న ఆయన ఇంటికి వెళ్లి ఈ మాట చెప్పి వచ్చాను.

కాబట్టి నిర్ణయం ఇది. పార్కులో తిరిగే పద్నాలుగు ట్రాక్ సైకిళ్లకూ ముందు బ్రేకు పెడుతున్నాను. ముందు చక్రాన్ని పట్టుకునే వాటి ఫోర్కులకు బ్రేకు బిగించే రంధ్రం ఉండదు. డ్రిల్లింగ్ చేయించమని సలహా ఇచ్చారు. పల్చని ఫోర్కుకు రంధ్రం వేస్తే రేపు అక్కడే విరుగుతుంది, ఆ పని చేయను. రంధ్రం ఉన్న ఫోర్కులు నాగ్‌పూర్ వెళ్లి నేనే చూసి తెచ్చాను. ఫోర్కు, బ్రేకు కలిపి సైకిలుకు 1,250 రూపాయలు పడింది. మన దగ్గర కొన్న సైకిళ్లకైనా, అద్దె సైకిళ్లకైనా ఈ ఖర్చు మీ మీద వేయను. లీవరు మాత్రం చేతులుండే చోట పెట్టలేదు. హ్యాండిల్ నడుమ పెట్టాను. కావాలని చెయ్యి తీస్తేనే అందుతుంది. ప్రమాదం వస్తే తప్ప దాన్ని ముట్టకూడదు. వరుసలో అలవాటుగా ముట్టినవారు ఆ రోజుకు వరుస చివరనే తొక్కాలి. పుణె వెళ్లేముందు ట్రాక్ ఫోర్కు మళ్లీ వేసి ఇస్తాను.

వెనక చక్రాలన్నీ విప్పాను. ఇకపై ప్రతి నెల మొదటి ఆదివారం సాధన ఉండదు. ఆ పూట మీ ఎదుటే విప్పి, మరలు చూపించి, బిగిస్తాను. మలుపు దగ్గర వేగం పనులు ఇక చేయించను. అవి వెనకవైపు, గోడ పక్కన తిన్నని బాట మీదే. ఈ నెల రుసుము ఎవరి దగ్గరా తీసుకోను. పిల్లలను మాన్పించాలనుకునేవారు మొహమాటపడకుండా చెప్పండి, ముందే కట్టిన డబ్బు అదే రోజు ఇస్తాను. ఇప్పటికి రెండు కుటుంబాలు మానేశాయి. వారి మీద నాకు కోపం లేదు. మామూలు సైకిళ్ల అమ్మకం, రిపేర్లు ఎప్పటిలాగే.

బాబును చూడటానికి నిన్న వాళ్లింటికి వెళ్లాను. ఎముక అతుక్కోవడానికి ఆరు వారాలు పడుతుందని డాక్టరు చెప్పారట. వాడి తల్లి నన్ను ఎప్పటినుంచో అన్నా అనే పిలుస్తుంది. నిన్న మంచినీళ్లు ఇచ్చి, చాలాసేపు ఏమీ అనలేదు. లేచి వస్తుంటే, అన్నా, మళ్లీ పంపుతానో లేదో నేను ఇప్పుడు చెప్పలేను అంది. చెప్పక్కర్లేదమ్మా అన్నాను. వాడు మాత్రం మంచం మీద నుంచే హబ్ సంగతి అడిగాడు. చేతిలో పెట్టి చూపించాను. లేని మెట్టు ఉండాల్సిన చోట వేలితో తడిమి చూశాడు.

ఆ నాలుగు హబ్బులూ షాపులో కౌంటరు మీద ఉన్నాయి, పక్కనే ఒక మంచి హబ్ పెట్టాను. వచ్చి చేతిలోకి తీసుకుని చూడండి. సోమవారం పొద్దున 5:15కి పార్కు తూర్పు గేటు దగ్గర ఉంటాను. ఎండలు ముదిరాయి కాబట్టి 6:30కల్లా ముగిస్తాం. హెల్మెట్ లేకుండా వచ్చినవారిని లోపలికి రానివ్వను.