కొత్త బూట్లు కరిస్తే మీరు చేయాల్సింది, మా దుకాణం చేసేది

నల్లగొండలో మా దుకాణానికి వచ్చే కస్టమర్లందరికీ నమస్కారం.

జూన్ 12న బడులు తెరిచారు. అప్పటి నుంచి మా దగ్గరికి బూట్లు కొనడానికి వచ్చేవాళ్లు ఎంతమందో, కాళ్లు చూపించడానికి వచ్చేవాళ్లూ అంతమందే. "మొన్ననే కొన్నాం కదన్నా, మడమ ఎట్లా అయిందో చూడండి" అంటూ ఓ తల్లి పిల్లవాడి సాక్సు కిందికి లాగుతుంది. బూటు పై అంచు తగిలే చోట రూపాయి బిళ్లంత నీటి బొబ్బ. కొందరికి అప్పటికే పగిలి, సాక్సు పుండుకు అంటుకుని ఉంటుంది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అందరికీ కలిపి రాద్దామనుకున్నాను. ఇందులో మా వ్యాపారానికి అంతగా కలిసిరాని మాటలు కూడా ఉన్నాయి.

"వాడగా వాడగా సర్దుకుంటాయి" అని చెప్పుల దుకాణాల్లో అందరూ అంటారు. తోలు బూట్ల విషయంలో అది నిజమే. కానీ తక్కువ ధరకు వచ్చే బడి బూట్లు దాదాపు అన్నీ రెక్సినువో పీవీసీవో. వాటిలో మడమను పట్టి ఉంచే గట్టి అట్ట అంత తేలిగ్గా మెత్తబడదు. నెల తరువాత నొప్పి తగ్గిందంటే చాలాసార్లు అక్కడ పిల్లవాడి చర్మం కాయ కాసిందని అర్థం. ఇంట్లో పెద్దవాళ్లు ఆముదం రాయమంటారు. ఒకప్పుడు నల్లగొండ, పాలమూరు చేలల్లో ఆముదానికి కొదవ ఉండేది కాదు, కిర్రు చెప్పులకు పట్టిస్తే తోలు దాన్ని పీల్చుకుని మెత్తబడేది. రెక్సిన్ పీల్చుకోదు. నూనె పైనే జిడ్డుగా నిలిచి రోడ్డు మీది దుమ్మంతా పట్టుకుంటుంది.

బొబ్బ ఎందుకు వస్తుందో తెలిస్తే సగం బాధ తప్పుతుంది. నడిచేటప్పుడు లోపల ఎముక కదులుతుంది, పై చర్మం మాత్రం సాక్సుకో బూటుకో అతుక్కుని ఉండిపోతుంది. అడుగడుగునా ఈ లాగులాటతో చర్మం పొరలు ఒకదాని నుంచి ఒకటి విడిపోతాయి, ఆ ఖాళీలోకి నీరు చేరుతుంది. చెమటతోనో వానతోనో చర్మం తడిసి ఉంటే రాపిడి ఇంకా పెరుగుతుంది. జూన్‌లో బడులు తెరిచేసరికి వానలు కూడా మొదలవుతాయి. నూలు సాక్సు ఒకసారి తడిస్తే సాయంత్రం దాకా ఆరదు. బ్యాగులో ఇంకో జత సాక్సులు పెట్టి పంపండి, మధ్యాహ్నం మార్చుకుంటారు.

బిగుతు బూటే కరుస్తుందని చాలామంది అనుకుంటారు. మేం ఎక్కువగా చూసేది వదులు బూట్ల బొబ్బలే. "పెరిగే పిల్లవాడు, ఒక సైజు పెద్దది ఇవ్వండి" అని అడిగి మరీ తీసుకుంటారు. మడమ పైకీ కిందికీ జారుతూ రోజంతా ఆ అంచుకు రాసుకుంటుంది. ముందు వేళ్ల దగ్గర బొటనవేలి వెడల్పంత ఖాళీ చాలు. ఇకమీదట అంతకంటే పెద్దది అడిగితే కౌంటర్ దగ్గర నేను వాదిస్తాను, కోపం తెచ్చుకోకండి.

చిటికెన వేలి పక్కన వచ్చే బొబ్బ సంగతి వేరు. అక్కడ తక్కువయ్యేది వెడల్పు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశమంతటా లక్ష మందికి పైగా పాదాలు కొలిచింది. సగటున మన పాదాలు పాశ్చాత్యుల పాదాల కంటే వెడల్పని తేలింది. మేం అమ్మేవాటి మీద ఇంకా బ్రిటిష్ సైజు అంకెలే ఉంటాయి, ఆ అంకె చెప్పేది పొడవే. పొడవు సరిపోయి వేళ్లు నొక్కుకుంటుంటే పై సైజుకు వెళ్లకుండా ముందు భాగం వెడల్పుగా ఉన్న మోడల్ అడగండి. మా దగ్గర లేకపోతే లేదనే చెబుతాను.

ఇక బొబ్బ వచ్చేసింది, ఏం చేయాలి? చిన్నదై, పెద్దగా నొప్పి లేకపోతే గిల్లకండి. పైన ఉన్న ఆ పల్చటి తోలే దానికి మంచి కట్టు. స్పాంజి ముక్కకు మధ్యలో బొబ్బ పట్టేంత రంధ్రం చేసి చుట్టూ అంటిస్తే ఒత్తిడి స్పాంజి మీద పడుతుంది. మానేవరకు ఆ బూట్లు వద్దు. బడివాళ్లకు చీటీ రాసిచ్చి చెప్పులతో పంపండి. వారం అటూ ఇటూగా కింద కొత్త చర్మం వస్తుంది.

పెద్దదై, అడుగు వేయలేనంత నొప్పి ఉంటే నీరు తీయవచ్చు. ముందు చేతులు, తరువాత బొబ్బ సబ్బుతో కడగాలి. కొత్త సూదిని స్పిరిట్‌తో తుడిచి, నడిమధ్యలో కాకుండా అంచున రెండు మూడు చోట్ల గుచ్చాలి. శుభ్రమైన గుడ్డతో మెల్లగా ఒత్తితే నీరు దిగిపోతుంది. పై తోలు మాత్రం పీకకూడదు. కాస్త వ్యాజిలిన్ రాసి, అంటుకోని గాజు గుడ్డ కట్టి, రోజూ మార్చాలి. పసుపు, సున్నం, టూత్‌పేస్టు పచ్చి పుండు మీద పెట్టకండి.

ఎన్జీ కాలేజీ మైదానంలో పోలీసు ఉద్యోగాలకు పరుగు సాధన చేసే తమ్ముళ్లు, చెల్లెళ్లకు ఒక మాట. సూదికి దారం ఎక్కించి బొబ్బలోంచి లాగి, నీరు కారడానికని ఆ దారం అక్కడే వదిలేసి పరిగెత్తేవాళ్లను చూశాను. క్రిములు లోపలికి పోవడానికి అంతకంటే మంచి దారి ఉండదు. మీది 1600 మీటర్ల పరుగైనా 800 అయినా ఈవెంట్స్ (పరుగు పరీక్ష) రోజున కొత్త బూట్లు వేయకండి. కొన్ని వారాల ముందే కొని, రాసుకునే చోట మందుల దుకాణంలో దొరికే కాగితపు టేపు అంటించి సాధన చేయండి. కొత్త జత అమ్ముకునేవాణ్నే ఈ మాట చెబుతున్నాను.

షుగర్ ఉన్నవాళ్లు పైన రాసిన సూది వైద్యం చదివి మరిచిపోవాలి. పాదాల్లో స్పర్శ తగ్గితే బొబ్బ వచ్చినా తెలియదు, పుండు తొందరగా మానదు. బూట్లు విప్పగానే రోజూ అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. బొబ్బ కనిపిస్తే ఎంత చిన్నదైనా డాక్టరుకు చూపించండి. మిగతావాళ్లకైనా చీము, చుట్టూ ఎరుపు పాకడం, వేడి, జ్వరం కనిపిస్తే ఇంటి వైద్యం ఆపాల్సిందే. 1924లో అమెరికా అధ్యక్షుడు కూలిడ్జ్ చిన్న కొడుకు సాక్సులు లేకుండా టెన్నిస్ ఆడాడు. కాలి వేలికి బొబ్బ వచ్చి, విషం రక్తంలోకి ఎక్కి, 16 ఏళ్లకే చనిపోయాడు. అప్పటికి పెన్సిలిన్ లేదు. ఇప్పుడు మందులున్నాయి, కానీ వేళకు వెళితేనే పనిచేస్తాయి.

చివరిగా లెక్కల మాట. ఇంట్లో బండల మీద నడిచి చూసి, సోలుకు మట్టి అంటకముందే వారంలోపు తెస్తే బిల్లు లేకపోయినా సైజు మారుస్తాం. బడికి వేసుకువెళ్లిన జతను మార్చలేం. కుట్టు ఊడితే, సోలు విరిగితే కంపెనీ వెనక్కి తీసుకుంటుంది, కరిచాయంటే తీసుకోదు. అలాంటి జత ఒకటి మా మీద పడితే ఆ నష్టం పూడటానికి ఇంకో నాలుగైదు జతలు అమ్మాలి. అయితే మడమ అంచుకు స్పాంజి అంటించడం, వదులైనవాటికి లోపల అట్ట వేయడం, తోలు బూటైతే చెక్క అచ్చు బిగించి ఒక రాత్రి సాగదీయడం, ఇవన్నీ ఉచితం. వేరే చోట కొన్నవైనా తెండి, స్పాంజి డబ్బులు ఇస్తే చాలు.

కొనడానికి వచ్చేవాళ్లు సాయంత్రం ఐదు దాటాక రండి. అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, సైజు సరిగ్గా తెలుస్తుంది. బడికి వేసే సాక్సులే తొడిగి తీసుకురండి. రెండు కాళ్లకూ వేసి గుమ్మం దాకా నడిపించి చూస్తాం, గిరాకీ ఎక్కువున్నా సరే. ఆదివారం మధ్యాహ్నం దాకే ఉంటాం.